పాత వాల్వు గిటార్ యాంప్ బాగుచేసుకోవడం, తెలిసినవాళ్ళని అడగడం

పోయిన వర్షాకాలంలో అమలాపురం అవతల ఒక పల్లె చర్చి నుంచి గిటార్ యాంప్ (శబ్దాన్ని పెంచే యాంప్లిఫయర్) ఒకటి నా బల్ల మీదికి వచ్చింది. స్పీకరుని నడిపే ఈఎల్84 ఔట్‌పుట్ వాల్వులు (వేడెక్కి వెలిగే గాజు గొట్టాలు) రెండు, వాటికి ముందుండే చిన్న వాల్వులు ఈసీసీ83లు మూడు, పన్నెండంగుళాల స్పీకరు. వెనక పలక విప్పితే మెయిన్ ట్రాన్స్‌ఫార్మర్ పక్కన కందిరీగ కట్టిన మట్టిగూడు, ఫ్యూజు ఉండాల్సిన చోట రాగితీగ, సాకెట్ల మీద ఉప్పుగాలికి పట్టిన పచ్చటి చిలుము. తెచ్చిన కుర్రాడు చెప్పింది ఒక్కటే: "వాల్వులు రెండుసార్లు మార్పించామండి. పది నిమిషాలకే మళ్ళీ ఎర్రబడిపోతోంది." ఆ రెండు జతలూ కానుకల డబ్బుతో కొన్నవి. పాడైంది మాత్రం వాల్వులు కావు, సాకెట్టు కింద ఉన్న చిన్న కండెన్సరు.

పాత యాంపుల మీద మావైపు జరిగే వృథా ఖర్చులో ఎక్కువ భాగం ఇలాంటిదే. ఏదైనా మార్చాలంటే ముందు కొలవాలి. కొలిచింది కాగితం మీద రాయాలి. పని మీవల్ల కాక తెలిసినవాళ్ళని అడగాల్సి వచ్చినప్పుడు ఆ కాగితమే చేతిలో ఉండాలి. ఈ మూడింటినీ విడదీయకుండా చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ముందు ప్రాణం సంగతి

వాల్వు యాంప్ లోపల 300 నుంచి 450 వోల్టుల దాకా డీసీ ఉంటుంది. స్విచ్చి కట్టేసినా, ప్లగ్గు పీకేసినా ఆ డీసీని నునుపు చేసే ఫిల్టర్ కండెన్సర్లలో అది నిలవుంటుంది. ట్రాన్సిస్టర్ సెట్లు విప్పి అలవాటైన చెయ్యి ఇక్కడే మోసపోతుంది.

10 కిలో ఓములు, 10 వాట్ల వైర్‌వౌండ్ రెసిస్టెన్స్ ఒకటి తీసుకోండి. రెండు కొసలకీ మందమైన ఇన్సులేషన్ వైరు, మొసలి క్లిప్పులు కట్టి, రెసిస్టెన్స్ మీద స్లీవు తొడగండి. ప్లగ్గు గోడ నుంచి పూర్తిగా తీశాక ఒక క్లిప్పు చాసిస్‌కి (యాంప్ లోపలి లోహపు చట్రానికి), రెండోది మొదటి ఫిల్టర్ కండెన్సరు పాజిటివ్‌కి పెట్టి పది సెకన్లు ఉంచండి. తరవాత మీటరు పెట్టి చూడండి. ఐదు వోల్టుల లోపు కనిపించేదాకా చెయ్యి పెట్టొద్దు. పెద్ద కండెన్సరు ఖాళీ అయ్యాక కూడా కొంత వోల్టేజీ దానంతటదే మళ్ళీ పుంజుకుంటుంది కాబట్టి పని చేసినంతసేపూ క్లిప్పు అలాగే ఉండనివ్వండి. యాంప్ ఆన్ చేసి కొలిచేటప్పుడు మీటరు నెగటివ్‌ని క్లిప్పుతో చాసిస్‌కి బిగించి, ఒక్క చేత్తోనే కొలవండి. రెండో చెయ్యి వెనక్కి. కాళ్ళకి పొడి చెప్పులు ఉండాలి, తడి నేల మీద ఈ పని వద్దు. ఇంట్లో ఇంకో మనిషి ఉన్నప్పుడే చెయ్యండి.

ఫ్యూజు స్థానంలో రాగితీగ ఉంటే ముందు అది తీసెయ్యండి. ట్రాన్స్‌ఫార్మర్లు కాలిపోయేది ఆ తీగ వల్లే. యాంప్ మీద రాసున్న విలువకి స్లో బ్లో ఫ్యూజు (ఆన్ చేసిన క్షణం పెరిగే కరెంటుకి వెంటనే కాలిపోనిది) వెయ్యండి.

రెండు పిన్నుల ప్లగ్గుతో వచ్చిన పాత సెట్టయితే మూడు కోర్ల వైరు వేసి, ఆకుపచ్చ వైరుని చాసిస్‌కి విడిగా ఒక బోల్టుతో బిగించాలి. పాత అమెరికన్ యాంపుల్లో మెయిన్స్ నుంచి చాసిస్‌కి ఒక చిన్న కండెన్సరు ఉంటుంది. అది షార్టయితే ఫేజు నేరుగా చాసిస్ మీదికి వస్తుంది. గిటారు తీగలు చాసిస్‌కి కలిసే ఉంటాయి. చేతిలో గిటారు, పెదవి దగ్గర ఎర్తున్న మైకు ఉన్నవాడి గతేమిటో ఆలోచించండి. ఆ కండెన్సరు తీసెయ్యాలి, ఇంకో మాట లేదు. ప్రభల తీర్థాల్లో, పందిళ్ళలో వాడే తాత్కాలిక కనెక్షన్లకి ఎర్తు ఉందో లేదో మీటరుతో చూడండి. ఫేజుకీ ఎర్తుకీ మధ్య 230 దగ్గర, న్యూట్రల్‌కీ ఎర్తుకీ మధ్య రెండు మూడు వోల్టులు రావాలి. ఫేజుకీ ఎర్తుకీ మధ్య తొంభయ్యో నూటపదో ఊగుతూ కనిపిస్తే ఎర్తు లేనట్టే. ఆ పూట వాయించకండి.

అమెరికా నుంచి బంధువులు తెచ్చిచ్చిన 120 వోల్టుల యాంప్ అయితే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. యాంప్ తినే వాట్లకి రెట్టింపు సామర్థ్యం ఉన్నది తీసుకోండి. 60 సైకిళ్ళకి (హెర్ట్జ్‌కి) చేసిన ట్రాన్స్‌ఫార్మర్ మన 50 సైకిళ్ళ మీద ఎక్కువ వేడెక్కుతుంది. చౌక స్టెప్‌డౌన్‌లు కొన్నిటిలో ఎర్తు పిన్ను లోపల ఎక్కడికీ కలవదు, అదీ చూసుకోండి.

విప్పకముందే తేలిపోయేవి

గిటారు మార్చండి, వైరు మార్చండి, స్పీకరు వైరు చూడండి. సగం కేసులు ఇక్కడే తేలిపోతాయి. 8 ఓముల స్పీకరు మీటరు మీద ఆరు, ఏడు ఓములు చూపిస్తుంది, అది బాగున్నట్టే. స్పీకరు తగిలించకుండా వాల్వు యాంప్ ఎప్పుడూ ఆన్ చెయ్యొద్దు. లోడు లేకపోతే ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లో వోల్టేజీ ఎగసి లోపలి ఇన్సులేషన్ తూట్లు పడుతుంది.

వాల్యూం కంట్రోలు గరగరమంటే కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఇరవైసార్లు తిప్పండి. కిరసనాయిలు, కొబ్బరినూనె పొయ్యకండి. ఇన్‌పుట్ జాకులో గిటారు తీసినప్పుడు సిగ్నల్‌ని ఎర్తు చేసే చిన్న రేకు ఉంటుంది. ఉప్పుగాలికి అది నల్లబడితే, గిటారు పెట్టనప్పుడు హమ్మింగు వచ్చి, పెట్టగానే తగ్గుతుంది.

సిరీస్ ల్యాంపు

ఏళ్ళ తరబడి అటక మీదున్న యాంప్‌ని నేరుగా ప్లగ్గులో పెట్టొద్దు. ఎలక్ట్రీషియన్లు వాడే సిరీస్ బోర్డు చాలు, ఫేజు దారిలో 100 వాట్ల ఫిలమెంటు బల్బు. ఎల్‌ఈడీ బల్బు పనికిరాదు. మొదట వాల్వులన్నీ పీకి పెట్టండి. పీకేముందు ఏది ఏ సాకెట్టుదో రాసుకోండి. ఆన్ చేస్తే బల్బు ఒక్కసారి మెరిసి దాదాపు ఆరిపోవాలి. వెలుగుతూనే ఉంటే మెయిన్ ట్రాన్స్‌ఫార్మర్ లోపలో, దాని తరవాతో షార్టు ఉన్నట్టు. వాల్వులు లేకపోయినా, రెక్టిఫయర్‌గా (ఏసీని డీసీ చేసే భాగంగా) డయోడ్లున్న సెట్లలో హెచ్‌టీ, అంటే పైన చెప్పిన ఎక్కువ వోల్టుల డీసీ, పూర్తిగా వచ్చేస్తుంది, ఆ వోల్టేజీ దిగడానికి దారి కూడా ఉండదు. డిస్చార్జి చెయ్యకుండా చెయ్యి పెట్టకండి.

ఆరిపోయిందా, ఇప్పుడు వాల్వులు పెట్టి, స్పీకరు తగిలించి మళ్ళీ ఆన్ చెయ్యండి. బల్బు మెరిసి తగ్గి, వాల్వులు వేడెక్కేకొద్దీ కొంచెం పెరిగి నిలబడితే పరవాలేదు. పెరుగుతూనే పోతే కట్టెయ్యండి. వోల్టేజీ కొలతలు మాత్రం సిరీస్ ల్యాంపు తీసేశాకే రాసుకోవాలి, దాని మీద అన్నీ తక్కువే చూపిస్తాయి.

హమ్మింగు ఏ స్వరంలో ఉంది?

యాంప్ చెప్పే మొదటి సంగతి హమ్మింగే, దాన్ని సరిగ్గా వినాలి. మన కరెంటు 50 సైకిళ్ళు. ఫిలమెంటు వైర్ల నుంచి, ఎర్తు లోపం నుంచి వచ్చే హమ్మింగు అదే 50 మీద ఉంటుంది. రెక్టిఫయర్ రెండు వైపులా కోసి డీసీ చేస్తుంది కాబట్టి, ఫిల్టర్ కండెన్సర్లు ఎండిపోతే వచ్చేది 100 సైకిళ్ళు. గిటారు వాయించేవాళ్ళకి ఇది చెవితోనే దొరుకుతుంది. లావు తీగ మీద మూడో ఫ్రెట్టు మీటండి, అది 98 సైకిళ్ళు. హమ్మింగు ఆ స్వరంతో కలిసిపోయినట్టుంటే 100, అంటే ఫిల్టర్ కండెన్సర్లు. దానికన్నా ఒక స్థాయి కింద, చెవికన్నా గుండెకి తగిలేట్టుంటే 50.

తరవాత వాల్యూం తిప్పండి. హమ్మింగు కూడా పెరుగుతోందా? అయితే తప్పు వాల్యూం కంట్రోలుకి ముందున్న భాగంలో. మారడం లేదా? తరవాత భాగంలో. ఒక్క తిప్పుడుతో వెతకాల్సిన చోటు సగానికి సగం తగ్గిపోతుంది. ఇంకా సందేహముంటే యాంప్ కట్టేసి ఇన్‌పుట్ వైపు మొదటి ఈసీసీ83 పీకి మళ్ళీ ఆన్ చెయ్యండి. మోత పోతే అది ఆ వాల్వులోనో, దానికి ముందో. పోకపోతే తరవాతిది పీకండి. గిటారు పట్టుకుని మీరు అటూ ఇటూ తిరిగితే హమ్మింగు మారుతోందంటే అది యాంప్‌ది కాదు, పికప్ చుట్టుపక్కల ట్యూబ్‌లైట్ చోకుల్నో డిమ్మర్లనో లాగుతోంది.

నలభై ఏళ్ళు దాటిన ఎలక్ట్రోలైటిక్ కండెన్సర్లు (ఫిల్టర్‌కి వాడే రకం) మార్చేయడమే మంచిదని నా అభిప్రాయం. కొందరు నెమ్మదిగా వోల్టేజీ ఇచ్చి బతికిస్తారు. అది ఒకసారి వాయించడానికి సరిపోతుంది గానీ, వారం వారం ఆరాధనలో మోగాల్సిన యాంప్‌కి కాదు. 32 మైక్రోఫారడ్లున్న చోట 33 వెయ్యండి, వోల్టేజీ పాతదానికి తగ్గకూడదు. రెక్టిఫయర్ వాల్వు ఉన్న సెట్టులో ఎక్కువ వేస్తే మంచిదనుకుని 100 వెయ్యొద్దు. ఈజెడ్81కి మొదటి కండెన్సరు 50 మైక్రోఫారడ్లు దాటకూడదు, జీజెడ్34కి 60. దాటితే ఆన్ చేసిన ప్రతిసారీ ఆ వాల్వు మీద భారం పడుతుంది.

వాల్వు ఎర్రబడుతుంటే

గాజు లోపలి వైపున కనిపించే నీలం వెలుగు చూసి కంగారు పడకండి, అది మామూలే. ఫిలమెంటు నారింజ వెలుగు కూడా మామూలే. చుట్టూ ఉన్న నల్లటి లోహపు తొడుగు, అంటే ప్లేటు, ఎర్రబడితే వెంటనే కట్టెయ్యాలి. వాల్వు నెత్తిన వెండి మచ్చ తెల్లగా సున్నంలా మారితే గాలి జొరబడింది, ఆ వాల్వు పని అయిపోయింది.

చర్చి యాంప్ విషయంలో నేను చేసింది వరసగా చెబుతాను. రెండు ఈఎల్84లలో కుడివైపుది ఎర్రబడుతోంది. కట్టేసి, చల్లారాక రెండిటినీ అటుది ఇటు, ఇటుది అటు మార్చాను. మళ్ళీ ఆన్ చేస్తే ఎరుపు వాల్వుతో పాటు ఎడమకి వెళ్ళలేదు, కుడి సాకెట్టు దగ్గరే ఉండిపోయింది. కాబట్టి వాల్వు మంచిదే, సాకెట్టుకి వచ్చేదే తేడా. ఆ రెండు జతలు కొనకముందు ఈ ఒక్క పని ఎవరైనా చేసుండాల్సింది.

తరవాత ఔట్‌పుట్ వాల్వులు రెండూ పీకి, ఆన్ చేసి, ఖాళీ సాకెట్లలో గ్రిడ్ (వాల్వులో కరెంటుని అదుపు చేసే భాగం) పిన్ను మీద డీసీ కొలిచాను. ఈఎల్84కి గ్రిడ్ రెండో పిన్ను. ఈఎల్34, 6వీ6, 6ఎల్6లకి ఐదో పిన్ను. కింద నుంచి చూస్తే గాడి దగ్గర నుంచి గడియారం ముల్లు తిరిగే వైపు లెక్కపెట్టాలి. కేథోడ్ బయాస్ యాంప్‌లో, అంటే కేథోడ్ (ఎలక్ట్రాన్లు వెలువడే భాగం) దగ్గరున్న రెసిస్టెన్స్‌తోనే కరెంటు అదుపయ్యే రకంలో, అక్కడ సున్నా ఉండాలి. ఎడమ సాకెట్టులో సున్నా వచ్చింది. కుడి సాకెట్టులో ప్లస్ 6 వోల్టులు. వెనకున్న 0.1 మైక్రోఫారడ్ కప్లింగ్ కండెన్సరు అటువైపు 200 పైచిలుకు వోల్టుల డీసీని ఆపాలి, సిగ్నల్‌ని మాత్రం వదలాలి. అది కాగితం, మైనంతో చేసిన పాత రకం, ముసురుకి తేమ పీల్చి కారుతోంది. ఎండాకాలంలో సరిగ్గా మోగిందని చర్చివాళ్ళు చెప్పిన మాటకి అర్థం అప్పుడు తెలిసింది. 630 వోల్టుల ఫిల్మ్ కండెన్సరు వేశాను, జోడీది కూడా మార్చాను. రెండో పిన్ను సున్నాకి దిగింది. మీ యాంప్ ఫిక్స్‌డ్ బయాస్ (గ్రిడ్‌కి విడిగా మైనస్ వోల్టేజీ ఇచ్చే) రకమైతే గ్రిడ్ మీద మైనస్ వోల్టులు కనిపించాలి. అక్కడ సున్నా ఉంటేనే ప్రమాదం.

ఆ తరవాత కరెంటు లెక్క. రెండు వాల్వులకీ కలిపి 130 ఓముల కేథోడ్ రెసిస్టెన్స్ ఉంది. దాని మీద 10.4 వోల్టులు. భాగిస్తే 80 మిల్లీఆంపియర్లు, ఒక్కో వాల్వుకి 40. అందులో స్క్రీన్ (ప్లేటుకి ముందుండే రెండో గ్రిడ్) కరెంటు నాలుగు తీసేస్తే ప్లేటుకి 36. ప్లేటుకీ కేథోడ్‌కీ మధ్య 290 వోల్టులు, గుణిస్తే 10.4 వాట్లు. ఈఎల్84 ప్లేటు తట్టుకునేది 12. సరిపోయింది. ఈ లెక్క చెయ్యకుండా యాంప్ తిరిగి ఇవ్వకండి.

ఈసీసీ83 దగ్గర కొలతలు సులువు. ఒకటి, ఆరు పిన్నులు ప్లేట్లు, రెండు, ఏడు గ్రిడ్లు, మూడు, ఎనిమిది కేథోడ్లు. సప్లై 250 వోల్టులు, ప్లేటు రెసిస్టెన్స్ 100 కిలో ఓములు, కేథోడ్‌కి 1.5 కిలో ఓములు ఉన్న మామూలు సర్క్యూట్లో ప్లేటు మీద 150 నుంచి 180, కేథోడ్ మీద ఒకటీ ఒకటిన్నర మధ్య వోల్టులు రావాలి. ప్లేటు మీద సప్లై ఎంతో అంతా కనిపిస్తే వాల్వు కరెంటే తీసుకోవడం లేదు. ఇరవై ముప్ఫై వోల్టులే ఉంటే ప్లేటు రెసిస్టెన్స్ విలువ పెరిగిపోయిందో, అంతకుముందు కప్లింగ్ కండెన్సరు కారుతోందో చూడండి.

వాల్వు పేరులోనే సగం సమాచారం ఉంటుంది. ఈ అంటే 6.3 వోల్టుల ఫిలమెంటు, ఎల్ అంటే ఔట్‌పుట్ పెంటోడు (లోపల ఐదు భాగాలున్నది), సీసీ అంటే ఒకే గాజులో రెండు ట్రయోడ్లు (మూడు భాగాలవి). అంకెల్లో 8తో మొదలైతే తొమ్మిది పిన్నులది, 3తో మొదలైతే ఎనిమిది పిన్నుల ఆక్టల్ బేసుది. ఈసీసీ83నే అమెరికా వాళ్ళు 12ఏఎక్స్7 అంటారు. బెంగళూరులో భారత్ ఎలక్ట్రానిక్స్ ఒకప్పుడు వాల్వులు తయారు చేసేది. బీఈఎల్ అని రాసున్నవి మూలన దొరికితే పారెయ్యకండి.

టపటపా పేలుతున్న శబ్దానికి, ఉండుండి పోయే శబ్దానికి ఎండిన వెదురుపుల్లతో సోల్డర్ అతుకుల్ని ఒక్కొక్కటీ నెమ్మదిగా తట్టాలి. పచ్చి కొబ్బరి ఈనె వాడొద్దు, దానిలో తడి ఉంటుంది. ఎక్కడ తడితే మోత మారుతుందో అక్కడ డ్రై సోల్డరు, అంటే సరిగ్గా పట్టని అతుకు. వాల్వుని తడితే గంటలా మోగితే అది మైక్రోఫోనిక్, దాన్ని మొదటి సాకెట్టు నుంచి వెనక్కి మార్చి చూడండి.

వరద నీళ్ళు తాగిన యాంప్

1986 వరద, 1996 నవంబరు తుపాను చూసినవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. మునిగిన యాంప్‌ని ఆరిందనిపించగానే ఆన్ చెయ్యాలనిపిస్తుంది. చెయ్యొద్దు. బురదని మంచినీళ్ళతో కడిగి, స్పీకరు విడదీసి, ట్రాన్స్‌ఫార్మర్లని చెక్కపెట్టెలో 60 వాట్ల బల్బు వేడికి వారం రోజులు ఆరబెట్టండి. తరవాత మెగ్గరు (ఇన్సులేషన్ కొలిచే మీటరు) పెట్టించి వైండింగుకీ ఇనుప కోరుకీ మధ్య ఇన్సులేషన్ చూడండి. ఒక మెగఓము కూడా రాకపోతే ఆశ వదులుకోండి, పదుల్లో వస్తే ధైర్యంగా సిరీస్ ల్యాంపు మీద పెట్టొచ్చు. చేపల చెరువుల ఏరేటర్ మోటార్లు కట్టే వైండింగ్ షాపులు భీమవరం చుట్టుపక్కల చాలా ఉన్నాయి. మెగ్గరు వాళ్ళ దగ్గర ఉంటుంది, వార్నిష్ ముంచి బట్టీలో ఆరబెట్టే ఏర్పాటూ ఉంటుంది. మెయిన్ ట్రాన్స్‌ఫార్మర్ వాళ్ళు కట్టగలరు. ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం పొరలు పొరలుగా ప్రైమరీ, సెకండరీ మార్చి మార్చి చుట్టాలి, ఆ వరస రాసివ్వకుండా ఎవరికీ ఇవ్వకండి.

అడిగే పద్ధతి

నేను పని నేర్చుకునే రోజుల్లో రాజమండ్రిలో ఒక పెద్ద రేడియో మెకానిక్ గారికి ఫోన్ చేశాను. "గురువుగారూ, హమ్మింగ్ వస్తోందండి." "ఏ హమ్మింగ్ నాన్నా? వాల్యూం తిప్పితే మారుతోందా?" "చూడలేదండి." "ఫిల్టర్ కండెన్సరు మీద ఎంతొచ్చింది?" "కొలవలేదండి." ఆయన కోప్పడలేదు. "చూసి, కొలిచి, రాసుకుని చెయ్యి. నేనెక్కడికీ పోను" అన్నారు. మర్నాడు పన్నెండు కొలతలు రాసుకుని ఫోన్ చేస్తే రెండు నిమిషాల్లో తప్పు చెప్పేశారు. ఆయన కళ్ళకి నా బల్ల కనిపించదు. కనిపించేట్టు చెయ్యాల్సింది అడిగేవాడే.

ఫోన్లోనైనా, నలుగురు మెకానిక్‌లున్న చోట సందేశం పెట్టినా మొదటి మాటలోనే ఇవి ఉండాలి: యాంప్ పేరు, వాల్వుల పేర్లు, ఏం జరుగుతోంది, ఎప్పటి నుంచి, అంతకుముందు ఎవరైనా ఏమైనా మార్చారా, పిన్నుల వోల్టేజీలు. ఫొటో తీస్తే పగటి వెలుతురులో చాసిస్ మొత్తం ఒకటి, అనుమానమున్న చోటు దగ్గరగా ఒకటి. "సార్ అర్జెంటు, ఆదివారం ప్రోగ్రాం ఉంది" అని మాత్రమే రాస్తే చదివేవాళ్ళకి చెయ్యడానికేమీ ఉండదు. వాళ్ళు తమ పని మానుకుని మనకి చెబుతున్నారు. భోజనాల వేళ, రాత్రి పది దాటాక ఫోన్ చెయ్యకూడదు.

వాళ్ళు ఫలానాది కొలవమంటే అదే కొలిచి, ఆ అంకెతో తిరిగి రావాలి. "అది కాదులెండి, నాకు తెలిసి ట్రాన్స్‌ఫార్మరే" అనకండి. అలా అనేట్టయితే అడగడమే అక్కర్లేదు. పెద్దాయన చెప్పింది తప్పనిపిస్తే వాదించకుండా మీటరు చూపించిన అంకె చెప్పండి: "మీరన్నట్టు మార్చానండి, ఐదో పిన్ను మీద ఇంకా 4 వోల్టులు వస్తోందండి." నిజంగా పని తెలిసినవాళ్ళు అంకె చూసి వెంటనే మాట మార్చుకుంటారు. ఒకే ప్రశ్న ఐదుగురికి విడివిడిగా పంపి, ఐదు జవాబులూ ఒకేసారి చేసెయ్యకండి. ఒకరు చెప్పింది పూర్తిగా చూసి, ఆ తరవాతే రెండోవాళ్ళ దగ్గరికి, మొదటివాళ్ళు ఏం చెప్పారో కూడా చెప్పి వెళ్ళండి. ఒక్కసారికి ఒక్క మార్పే. మూడు మార్చి బాగైతే దేనివల్ల బాగైందో మీకూ తెలియదు, చెప్పినాయనకీ తెలియదు.

చెప్పేవాళ్ళకీ ఒక బాధ్యత ఉంది, దీన్ని నేను గట్టిగా పట్టుకుంటాను. ఎవరైనా కుర్రాడు అడిగితే తప్పు ఎక్కడుందో చెప్పేముందు, కండెన్సర్లు డిస్చార్జి చెయ్యడం వచ్చా అని అడగండి. రాకపోతే విప్పమని చెప్పకండి, దగ్గర్లో తెలిసినవాళ్ళ దగ్గరికి పంపండి. మనం ఫోన్లో అన్న మాటకి 400 వోల్టుల దగ్గర చెయ్యి పెట్టేది అతను. అంతకుముందు చేసిన మెకానిక్‌ని తిట్టొద్దు. ఆ రోజు అతనికి దొరికిన సామాను, ఇచ్చిన సమయం మనకి తెలియవు. ఇంత చిన్న సంగతి తెలియదా అని నలుగురిలో అంటే, ఆ కుర్రాడు మళ్ళీ అడగడు. అడగకుండా విప్పుతాడు.

బాగయ్యాక ఫోన్ చెయ్యాలి. చాలామంది మర్చిపోయేది ఇదే. ఏం మారిస్తే బాగైందో, ముందు అంకె ఎంత, తరవాత ఎంత, రెండు ముక్కల్లో చెప్పండి. చెప్పిన మనిషికి అదే కూలి.

చర్చి యాంప్‌ని మూడు గంటలు మోగించి, ప్రతి అరగంటకీ కేథోడ్ వోల్టేజీ కొలిచాను. 10.4 దగ్గరే నిలబడింది. సాయంత్రం ఏరేటర్లు తిరిగే వేళ లైను 205 వోల్టులకి పడిపోతే ఎంతవుతుందో అదీ రాసి, స్టెబిలైజర్ పెట్టుకోమని కుర్రాడికి చెప్పాను. రాసిన కాగితాన్ని వాల్వుల వేడి తగలని మూల, వెనక పలక లోపలివైపు అంటించాను. తేదీ, వేసిన కండెన్సర్ల విలువలు, పిన్నుల వోల్టేజీలు, ఫ్యూజు ఎంతది, ఎరుపు కుడి సాకెట్టు దగ్గరే ఉండిపోయిన సంగతి.